నీళ్ళు బయటికి తోడే ఇంజను

మా ఊరి ఆయిలింజన్లన్నీ పట్టుకుపోయారు. మునిగిన చేల పక్కన మమ్మల్ని ఉత్త చేతులతో నిలబెట్టారు.

పామర్రు అవతల మాది కాలువ కింద ఊరు. చేనుకి నీళ్ళు పెట్టడానికి మాకు ఇంజను అక్కర్లేదు, కాలువే పారుతుంది. తుఫాను పట్టినప్పుడు చేలో నిలిచిన నీటిని మురుగు కాలువలోకి తోడటానికే ఇంజను. నా చిన్నప్పటి నుంచీ పద్ధతి ఒకటే. ముందు దిగువ చేను, ఆ తర్వాత దాని పై చేను. ఇంజను ఎవరిదైనా వంతు అందరిదీ. చర్చికెళ్ళే మావాళ్ళూ, గుడికెళ్ళేవాళ్ళూ కలిసే మోసేవాళ్ళం.

విజయవాడ నుంచి పరిశోధన వాళ్ళొచ్చారు. ఊళ్ళను డీజిలు మాన్పించి ఎండ కరెంటుకి మళ్ళించడం ఎలాగన్నది వాళ్ళ పని. పాత ఇంజను ఇచ్చేస్తే సోలారు మోటారు ఊరికే ఇస్తామన్నారు.

"నీళ్ళు పెట్టడానికి రోజుకెన్ని గంటలు నడుపుతారు తాతగారూ?" అని ఒకమ్మాయి అడిగింది.

"పెట్టడానిక్కాదమ్మా, తియ్యడానికి."

"రెండూ పంపింగే కదండీ!" అని నవ్వి ఏదో రాసుకుంది.

నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు పట్టుకున్నవాణ్ణి. ఆ అమ్మాయి చదువు చూసి, ఊరంతా ఇంజన్లు ఇచ్చేస్తుంటే నేనూ సరేనన్నాను. సోలారు మీద నాకు పగేం లేదు, డీజిలు పొగ నా ఛాతీని ఏం చేసిందో నాకు తెలుసు. కానీ తుఫాను రోజుల్లో ఎండెక్కడిది?

కోతల ముందు ముసురు పట్టింది. మాది కౌలు చేను. పంట పోతే ఈ వయసులో మళ్ళీ మాకెవరిస్తారు? దిగువ సగం వరి పడిపోయి నీళ్ళలో నానుతోంది. మోటారు ఉలకదు పలకదు. మా ఆవిడ గట్టు మీద గొడుగు పట్టుకుని, "ఏమయ్యా, నీ మోటారుకి దుప్పటి కప్పనా? చలికి లేవట్లేదేమో!" అంది. నేను నవ్వలేదు. తనూ నవ్వలేదు.

ఇంజను కోసం చల్లపల్లి దాకా ఫోన్లు చేశాను. "మావీ మునిగాయండీ, మా ఇంజను మాకే చాలట్లేదు" అన్నారు. నీళ్ళలో చెయ్యి పెట్టి ఒక కంకి తీసి చూశాను. గింజ కొసన తెల్లగా మొలక.

పై సగం ఇంకా నిలబడే ఉంది. మళ్ళీ అల్పపీడనం అంటున్నారు. ఆకాశంలో మబ్బు తునక కనబడితే చాలు, గట్టు మీదకి పరిగెడుతున్నాను. పరిశోధన ఆఫీసుకి ఫోన్ చేసి చేసి విసిగిపోయాను. ఒక్క ఇంజనైనా వెనక్కిప్పించమన్నాను. చివరికి నిన్న ఆ అమ్మాయే ఎత్తింది.

"ఇంజన్లన్నీ తుక్కు కింద వెళ్ళిపోయాయండీ తాతగారూ. నీళ్ళు బయటికి తోడటం మా ప్రశ్నల్లో లేదండీ, వచ్చేసారి చేరుస్తాం. ఈలోగా వాన పడితే, చేలో నీళ్ళు ఎంతసేపు నిలిచాయో కాస్త రాసి ఉంచండి. మాకు పనికొస్తుంది."