క్యారేజీలో వచ్చిన దంతపు బంతులు

మేముండే అపార్టుమెంటులో లిఫ్టు తలుపు సరిగా పడకపోతే లోపలినుంచి ఒక ఆడగొంతు, దయచేసి తలుపు మూయమని హిందీలో ప్రాధేయపడుతుంది. నాలుగో అంతస్తువారు మూయరు. ఆవిడ రోజంతా బతిమాలుతూనే ఉంటుంది. నాకు కోపం రావలసింది ఆ ఇంటివారి మీద, వస్తున్నది ఆవిడ మీద. ముప్పయ్యేళ్ళకు పైగా నేను చేసిందీ అదే ఉద్యోగం. అడవికి నిప్పు పెట్టకండి, కలప నరకకండి, అడవిపందిని వండుకోకండి అని బోర్డులు పెట్టించాను. నాకు తెలిసి విన్నది ఒక్కరు.

2013 జనవరిలో నన్ను పాతపట్నానికి ఫారెస్టు రేంజి అధికారిగా వేశారు. రేంజి అధికారి అంటే డివిజను అధికారికి కింద, సెక్షను అధికారులకూ గార్డులకూ పైన. తిట్లు రెండు వైపులనుంచీ అందే మెట్టు అది. ఒడిశా నుంచి దిగిన ఏనుగులు అప్పటికే చేలు తొక్కుతున్నాయి. బతికున్న ఏనుగులతోనే తీరిక లేని సమయంలో, చచ్చిన ఏనుగు తాలూకు మూడు ముక్కలు ఒక స్టీలు క్యారేజీలో ఆఫీసుకు వచ్చాయి.

తెచ్చింది ప్రకాశం మాస్టారు. మిషను బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. నా బల్ల మీద గిన్నెలు మూడూ విడదీసి పెట్టారు. ఒక్కో గిన్నెలో మెత్తటి గుడ్డ, గుడ్డలో ఒక్కో బంతి. ఒకటి తెల్లది, ఒకటి నల్లచుక్క ఉన్న తెల్లది, ఒకటి ఎర్రది. బిలియర్డ్సు ఆటకు ఆ మూడే. వన్యప్రాణుల శరీరభాగాలతో చేసిన వస్తువులున్నవారు స్వచ్ఛందంగా తెలియజేయవలెనని బస్టాండు దగ్గర నేను పెట్టించిన బోర్డు చదివారట.

"తెలియజేస్తన్నానండి. సర్టిఫికెట్టు ఇచ్చేస్తే ఎల్లిపోతాను. ఆదివారం ఆటుంది" అన్నారు.

వారి నాన్నగారు ఒక జమీందారు బంగళాలో మార్కరు. ఆట జరుగుతుంటే స్కోరు చెప్పడం, బంతులు యథాస్థానంలో పెట్టడం మార్కరు పని. బంగళా సామాను అమ్మినప్పుడు బిలియర్డ్సు బల్లను మాస్టారి స్నేహితుడు అప్పలనాయుడి తండ్రి కొని తన రైసు మిల్లు షెడ్డులో వేయించాడు. బంతులు మార్కరుకు బహుమానంగా దక్కాయి. బల్ల ఒకరిది, బంతులు ఒకరివి కావడంతో మాస్టారూ నాయుడూ చిన్ననాటినుంచీ ఒకరినొకరు వదలడానికి వీల్లేకపోయింది. ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆట.

దంతం అవునో కాదో చూడడానికి భూతద్దం చాలు. ఒకదానినొకటి కోసుకుంటూ పోయే సన్నని గీతలుంటాయి. మంచి బంతిని దంతం నడిమధ్యనుంచి చెక్కుతారు కనుక రెండు కొసలా నరం పోయిన చుక్క కనిపిస్తుంది. ఒక దంతానికి నాలుగైదు బంతులు వస్తే గొప్పే. అన్ని ఏనుగులు ఎక్కడ దొరుకుతాయని మారు వస్తువు కోసం వెతకగా సెల్యులాయిడు వచ్చిందనీ, ఇప్పుడంతా రెజిను బంతులేననీ మాస్టారు నాకు పాఠం చెప్పారు. చలికాలంలో పగలకుండా ఆటకు ముందు ఒళ్ళో పెట్టుకుని వెచ్చబరుస్తారట.

వారసత్వంగా వచ్చినా సరే, 2003లో ఇచ్చిన గడువులోగా ప్రకటించుకుని ఉండాలి. మాస్టారు పదేళ్ళు ఆలస్యంగా వచ్చారు. పై అధికారికి ఫోను చేశాను. కేసు వద్దు, స్వచ్ఛందంగా అప్పగించినట్టు రాసుకుని స్వాధీనం చేసుకోండి అన్నారు. అదే మాస్టారికి చెప్పాను.

"అప్పగించలేదండి నేను. తెలియజేసేను" అన్నారు.

రెండూ ఒకటి కాదని నాకూ తెలుసు. రాయడానికి మాత్రం ఒకటే గడి ఉంది.

వస్తువులు వాడుకలో ఉన్న చోటు చూసి, ఇద్దరు మధ్యవర్తుల ఎదుట నివేదిక రాయాలి. అందరం మిల్లుకు వెళ్ళాం. అప్పలనాయుడు బల్ల మీది పచ్చగుడ్డను ఇస్త్రీ చేస్తున్నాడు. బంతి తిన్నగా దొర్లాలంటే ఆ గుడ్డకు ఇస్త్రీ తప్పదు.

"ఒరే పెకాశం, రేంజరు గారిని కూడా ఆటకి పిల్సేవేటి?" అన్నాడు.

మాస్టారు సంగతి చెప్పారు. నాయుడు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"నిన్నెవుడు సెప్మన్నాడ్రా? ఇన్నాళ్ళూ సెప్పలేదని బంతులేటైనా ఏడిసేయా?"

"బోర్డు పెట్టేరు కదరా."

"ఉమ్మొద్దని కూడా పెట్టేరు. ఆ బస్టాండు ఎలగున్నాదో సూసేవా?"

మాస్టారు నావైపు తిరిగి, సంతకం ఎప్పుడు పెట్టాలని అడిగారు. నివేదిక రాయడం పూర్తయ్యాక అన్నాను.

"నెమ్మదిగా రాయండి" అన్నారు.

నెమ్మదిగానే రాశాను. మాస్టారు బంతులు బల్ల మీద పెట్టారు, ఇద్దరూ కర్రలు అందుకున్నారు. బంతులు కదులుతుండగా కొలతలు తీయడం కుదరదు కనుక కొలతల దగ్గర ఆగాను. మధ్యవర్తులు కుర్చీలు తెచ్చుకున్నారు.

రెజిను బంతులు తగిలితే టక్కుమంటుంది. దంతం చప్పుడు వేరు, నాలుకను అంగిలికి ఆనించి మెల్లగా విడిచినట్టుంటుంది. ఆ చప్పుడు వచ్చిన ప్రతిసారీ మాస్టారు కర్ర దించి, బంతి ఎటు పోయిందో చూడకుండా, కాసేపు అలాగే నిలబడ్డారు. నాయుడు చేతికందే దెబ్బలు కూడా వరసగా పోగొట్టుకున్నాడు. ఆట సాగదీయడానికి అంతకన్నా మార్గం లేదు.

"సరిగా ఆడరా" అన్నారు మాస్టారు.

"గుడ్డ బాగులేదురా" అన్నాడు, అప్పుడే ఇస్త్రీ చేసినవాడు.

ఆట ముగిశాక మాస్టారే బంతులు తుడిచి ఇచ్చారు. గుడ్డలో మూటగట్టి లక్క సీలు వేశాం. చలిగాలి తగలకుండా ఉంచమన్నారు. ఆ మాట కూడా నివేదికలో చేర్చాను. చేర్చకూడదన్న నిబంధన నాకు కనపడలేదు.

బంతులు డివిజను ఆఫీసు స్ట్రాంగురూముకు పోయాయి. నాయుడు విశాఖనుంచి రెజిను బంతులు తెప్పించాడు. మాస్టారు ఒక ఆదివారం వచ్చి, ఒక్క దెబ్బ కొట్టి, చెవి ఒగ్గి విని, కర్రను స్టాండులో పెట్టేశారట. ఆ తరవాత చర్చినుంచి వస్తూ మిల్లు గేటు దగ్గర కాసేపు ఆగుతారట, లోపలికి రారట.

స్వచ్ఛందంగా రమ్మని పిలిచేముందు, వచ్చినవాడికి మన దగ్గర ఏముందో చూసుకోవాలని ఆ వ్యవహారం నాకు నేర్పింది. తరవాత నేను రాయించిన బోర్డుల్లో స్వచ్ఛందంగా తెలియజేయవలెనన్న వాక్యం లేదు.

ఈ గేటు సంగతి చెప్పింది నాయుడే. ఆ వేసవిలో ఒకరోజు నా ఆఫీసుకు వచ్చాడు. బంతులు తిరిగి వచ్చే దారి ఏమైనా ఉందా అని అడిగితే చట్టం వివరించాను. అంతా విన్నాడు. కండువా భుజాన వేసుకుని లేచాడు.

"ఆ ఏనుగెప్పుడో సచ్చిపోనాది బాబూ. మావోడింకా బతికున్నాడు. మీ సట్టానికి ఆపాటి తెలీదేటి?"