రాకుమారి సగమే తింటుందని చెప్పాను

చాలా ఏళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, కక్కలేదు. అమ్మకు చెప్పలేదు. పెళ్లయ్యాక ఆయనకూ చెప్పలేదు. ప్రార్థనలో కళ్లు మూసుకున్నప్పుడు కూడా దాన్ని దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక చిన్నపిల్ల నిజం చెప్పింది. నేను దాన్ని అబద్ధాలకోరును చేశాను.

ఢిల్లీలో మెట్రో కొత్తగా తిరుగుతున్న రోజులవి. ముఖర్జీ నగర్‌లో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఒక గదిలో ఉండి సివిల్స్‌కు చదువుతున్నాను. శనివారాలు పిల్లల పుట్టినరోజు పార్టీల్లో రాకుమారి వేషం వేసేదాన్ని. నవ్వకండి. లేత గులాబీ గౌను, బంగారు రంగు విగ్గు, అట్ట కిరీటం, మెడ దాకా పౌడరు. నా అసలు రంగు ఎక్కడా కనపడకూడదని పార్టీలు నడిపే మేడమ్ దగ్గరుండి మరీ పూయించేది. ఆవిడ షరతు ఒక్కటే. వేషంలో ఉన్నంతసేపూ నేను నేను కాదు. ఇంగ్లిషు, లేదంటే తియ్యటి హిందీ, అంతకుమించి నోరు తెరవకూడదు. ఆ గౌను నాకంటే సన్నటి మనిషికి కుట్టింది. వీపు మీద జిప్పు పడాలని గురువారం నుంచే తిండి తగ్గించేదాన్ని. మెస్సు డబ్బాలో నాలుగు చపాతీలొస్తే రెండు తిని రెండు వదిలేసేదాన్ని.

ఒక శనివారం ఫరీదాబాద్‌లో ఒక డాక్టరుగారి అమ్మాయి పుట్టినరోజు. పిల్లలంతా నా చుట్టూ మూగారు. ఒక పిల్ల మాత్రం కేకు పళ్లెం పట్టుకుని కాస్త ఎడంగా నిలబడింది. ఏడెనిమిదేళ్లుంటాయి. బొద్దుగా ఉంది. నా రంగే. అసలు పేరు రాయను, చిన్నీ అందాం.

"చిన్నీ, ఇంక చాల్లే, మళ్లీ పెట్టించుకోకు," అని అవతలి నుంచి ఒకావిడ తెలుగులో కేకేసింది.

"థోడా ఔర్, మమ్మీ," అని ఇంకొంచెం అడిగింది పిల్ల.

నాకు ప్రాణం లేచొచ్చింది. షరతు గుర్తే లేదు. వంగి, "నీ పేరేంటమ్మా?" అన్నాను.

పిల్ల నోరు తెరుచుకుని చూసింది. తన అమ్మ, నాన్న, చర్చిలో నలుగురు ఆంటీలు తప్ప ఎవరూ మాట్లాడని భాష రాకుమారి నోట్లోంచి వచ్చింది మరి. దగ్గరకొచ్చి గౌను అంచు పట్టుకుంది. ఇది తనకు పడుతుందా అని అడిగింది.

ఇప్పుడు పట్టదన్నాను. రాకుమార్తెలు ఎప్పుడూ సగమే తింటారని, పళ్లెంలో సగం వదిలేస్తారని చెప్పాను. ఎవరికీ చెప్పకు, ఇది మన ఇద్దరి రహస్యం అని కూడా అన్నాను. చిన్నీ చేతిలోని కేకు వంక చూసి, పళ్లెం తీసుకెళ్లి బల్ల మీద పెట్టేసింది.

ఎందుకన్నాను? సరదాకే అని చాలా కాలం నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆ పూట నడుం దగ్గర పిన్ను గుచ్చుకుంటోంది, పొద్దున్నించి ఏమీ తినలేదు, నా ఎదురుగా ఆ పిల్ల క్రీము నాక్కుంటూ హాయిగా తింటోంది. నాకు కుళ్లు పుట్టిందా? పుట్టిందనే అనుకుంటున్నాను. ఏడేళ్ల పిల్ల మీద.

పార్టీ అయ్యాక, విగ్గు తీస్తుంటే చిన్నీ తల్లి నన్ను పట్టేసింది, ప్రిన్సెస్‌కు తెలుగొచ్చని పిల్ల చెప్పిందట. ఆవిడ నర్సు. కాకినాడ వాళ్లు. సునీతక్క అని పిలిచేదాన్ని. తెలుగుపిల్ల ఒంటరిగా గదిలో ఉండి చదువుకుంటోందని తెలిసి, ఒక ఆదివారం చర్చికి రా, అటునుంచి మా ఇంట్లో భోంచేద్దువుగాని అని నంబరు రాసిచ్చింది. నెలన్నర తర్వాత వెళ్లాను. బస్సులో వెళ్తున్నంతసేపూ ఇంటి కూర తింటానన్న ధ్యాసే.

చిన్నీని చూసి గుర్తుపట్టలేకపోయాను. బుగ్గలు పోయాయి. పళ్లెంలో అన్నాన్ని వేలితో రెండు భాగాలు చేసి, ఒక భాగం మాత్రమే తింది.

"చూశావా?" అంది సునీతక్క. "నెలై ఇదే వరస. మొన్న స్కూల్లో ప్రేయర్‌లో పడిపోయింది. రక్తం టెస్టులు చేయించేను, నులిపురుగుల మందేసేను. నర్సుననే గానీ నా పిల్లకేమైందో నాకే అంతు పట్టట్లేదు. నిన్న గట్టిగా అడిగితే ప్రిన్సెస్ చెప్పిందంటుంది. సగమే తినాలని నువ్వు చెప్పేవంట. నిజం చెప్పమ్మా, అన్నావా? తెలిస్తే ఏదో చేసుకుంటాను."

చిన్నీ తల ఎత్తి నా వంక చూసింది. నేను నిజం చెబుతానని నమ్మకంగా చూసింది.

నా చేతిలో ముద్ద ఉంది. ఈవిడ వెళ్లి డాక్టరుగారింట్లో చెబితే? మేడమ్ దాకా వెళ్తే? ఈ చర్చివాళ్లందరికీ తెలిస్తే? ఇవన్నీ ఒక్క క్షణంలో ఆలోచించగలిగాను. పిల్ల గురించి మాత్రం ఆలోచించలేదు.

"లేదక్కా," అన్నాను. "అంత చిన్నపిల్లతో నేనెందుకంటాను?"

సునీతక్క కూతురి వైపు తిరిగింది. "విన్నావా? తిండి మానేసింది చాలక అబద్ధాలు కూడా మరిగేవా? అక్కకి సారీ చెప్పు."

చిన్నీ ఇంకా నా వంకే చూస్తోంది. తల్లి చెయ్యెత్తింది. అప్పుడు, "సారీ, ఆంటీ. గలతీ హో గయీ," అని తప్పు ఒప్పుకుంది.

నాకు చెప్పింది సారీ. నేను తల ఊపాను. ఆ తర్వాత పళ్లెంలో ఉన్నదంతా తిన్నాను, మారు కూడా వేయించుకున్నాను.

మళ్లీ ఆ ఇంటికి వెళ్లలేదు. సునీతక్క రెండుసార్లు ఫోన్ చేసింది, తియ్యలేదు. పిల్ల తిండి దారిలో పడిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ప్రయత్నించలేదు కూడా, భయం.

కొన్ని వారాలకు కోచింగ్‌లో వ్యాసం పరీక్ష పెట్టారు. రాకుమార్తెల కథలు ఆడపిల్లలకు చేటు చేస్తాయా అన్నది అంశం. అయినా రాశాను. కలలు కనడం నేర్పుతాయని ఒక పక్క, అందం మీద లేనిపోని పిచ్చి పెంచుతాయని మరో పక్క, మధ్యేమార్గంగా ముగింపు. తప్పు కథది కాదు, చెప్పే పెద్దవాళ్లది అని ఒక వాక్యం రాస్తే సార్ క్లాసులో చదివి వినిపించి మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. వినయం అనుకున్నారు.

ఆ ప్రశ్నను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూస్తుంటాను. తప్పంతా కథల మీదకు నెట్టేయాలని మనసు లాగుతుంది. ఏ కథలోనూ సగం తినమని లేదు, అది నేను చేర్చాను. కానీ కిరీటం లేకుండా ఏ అక్కో ఆ మాట అని ఉంటే చిన్నీ కేకు పక్కన పెట్టేదా? విగ్గు చూసి నమ్మింది. పైగా ఆ విగ్గు కింది నోరు వాళ్లమ్మ భాష మాట్లాడింది. అంత నమ్మిన పిల్లను, మామూలు చుడీదార్ వేసుకుని ఎదురుగా కూర్చుని కాదన్నాను. సగం తినమన్న మాటకు ఏదో ఒక సాకు దొరుకుతుంది. ఆ ‘లేదక్కా’కు ఎంత వెతికినా దొరకదు.

మొన్న మా మేనకోడలు పుట్టినరోజుకు గులాబీ గౌను, కిరీటం కావాలంది. కొనిచ్చాను. భోజనాల దగ్గర మాత్రం దాని పళ్లెం వంకే చూస్తూ కూర్చున్నాను. ఏంటత్తా అలా చూస్తున్నావు అంది. ఏం లేదన్నాను. మళ్లీ లేదనే అన్నాను. ఇంటికి వచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

చిన్నీ ఇప్పుడు పెద్దదై ఉంటుంది. క్షమించమని అడగను, అడిగే మొహం నాకు లేదు. ఆ రోజు ఆ పళ్లెం ముందు అనాల్సిన మాట మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

అవునక్కా, నేనే అన్నాను. చిన్నీ అబద్ధం చెప్పలేదు.