తాడు బస్సు

మిషనక్క నోరు మంచిది కాదని గుట్ట మీది పేటంతా ఒప్పుకుంటుంది. ఆ నోరే లేకపోతే పేటకు నీళ్ళ గొట్టం కూడా వచ్చేది కాదనీ ఒప్పుకుంటుంది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఇంటి ముందు రోడ్డు వారగా రెక్కల కష్టంతో కట్టుకున్న చిన్న గది, కిటికీ పక్కన కుట్టుమిషను, అదే ఆమె రాజ్యం.

కింద ఊళ్ళో ఇంటికో కారుంది. అయినా ఒక బస్సు వెనకే ఇంకోటి, నీడకు షెడ్డు, కూర్చోడానికి బెంచీ. సగం బస్సులు ఈగలు తోలుకుంటూ తిరిగేవి. గుట్టవాళ్ళకు మాత్రం బస్సు వంతెన దగ్గరే ఆఖరు. అక్కణ్ణించి పైకి నటరాజా సర్వీసు.

మిషనక్క అత్తగారికి మోకాళ్ళు పోయాయి. ఆసుపత్రికి వెళ్ళాలంటే నలుగురు మగాళ్ళు ఆమెను కుర్చీలో మోసుకుంటూ దింపాలి. ఒకసారి దారిలో ముసలామె కొంగు మొహం మీదికి లాక్కుంది.

"నలుగురు మోస్తుంటే బతికుండగానే పోయినట్టుందే అమ్మాయ్. ఇక నన్ను దింపకు," అంది. ఆనాటి నుంచి ఆసుపత్రి మానేసింది.

ఆ మాట మిషనక్కకు ముల్లులా గుచ్చుకుంది. అత్తను బస్సులో దింపకపోతే నా పేరు మార్చుకుంటా అనుకుంది. బస్సుల ఆఫీసుకు చెప్పులరిగేలా తిరిగింది. చివరికి ఒక ఆఫీసరు గుట్టెక్కి చూశాడు.

"బస్సు పైకి రాగలదమ్మా. మళ్ళీ తిరగడానికి చోటేది? చోటు చూపించండి, పంపిస్తా," అన్నాడు.

అందులో అబద్ధం లేదు. అందుకే ఆమెకు ఇంకా మండింది.

ఆదివారం పేటనంతా పోగేసింది. "బస్సు తిరిగే మలుపులో ఎవరి గోడ అడ్డమొస్తే వాళ్ళే పడగొట్టాలి. తర్వాత ఏడుపులూ పెడబొబ్బలూ కుదరవు. ముందే ఒప్పుకోండి," అంది, ఎదురింటి పాలాయన వైపు చూస్తూ. అతని గోడ రోడ్డు మీదికి పొడుచుకొచ్చిందని ఆమెకు ఎప్పట్నించో కడుపుమంట. పాలాయన నసుగుతూనే తలూపాడు.

బస్సంత కొలతకు తాడు తెచ్చి, జనమంతా చుట్టూ పట్టుకుని బస్సు ఆకారంలో నిలబడ్డారు. వంతెన బస్సు డ్రైవరే వచ్చి ముందు నిలబడి, లేని స్టీరింగు తిప్పాడు. వెనకవాళ్ళు టికెట్ టికెట్ అని ఒకటే నవ్వు. తాడు బస్సు పాలాయన గోడను జానెడు దూరంలో దాటింది. దాని వెనక భాగం మిషనక్క గదికి తగిలి ఆగింది.

"ఇంకోసారి తిప్పండి," అంది మిషనక్క.

తిప్పారు. మళ్ళీ అక్కడే తగిలింది. నవ్వులు ఆగిపోయాయి. ఎవరూ ఆమె మొహంలోకి చూడలేదు.

పాలాయనే గొంతు సవరించుకుని, "వేరే దారేదైనా చూద్దాంలే అక్కా," అన్నాడు.

ఆమె తన గది కిటికీ వైపు చూసింది. ఇక వంటింట్లో పొయ్యి పక్కనే కుట్టుకోవాలి. దారిన పోయేవాళ్ళు చూసి తెచ్చే బేరాలు పోతాయి. కూలబడి ఏడవాలనిపించింది. కానీ అన్న మాట అన్నదే.

"ముందు మిషను బయటపెట్టండి. గడ్డపార ఇటివ్వండి," అంది.

మొదటి దెబ్బ ఆమె వేసింది. రెండోది పాలాయన వేశాడు.

వానలు వెలిశాక బస్సు గుట్టెక్కింది. అత్తగారు కోడలి భుజం పట్టుకుని తన కాళ్ళతోనే మెట్టెక్కింది. కిటికీ పక్కన సర్దుకుని కూర్చుని, టికెట్ తనే అడిగి తీసుకుంది. బస్సు మలుపు తిరుగుతూ గది ఉండిన చోటికి రాగానే, ముసలామె పళ్ళు బిగబట్టి రెండు పాదాలూ పైకెత్తి పట్టుకుంది.

"ఏమైంది అత్తయ్యా, నొప్పా?" అంది మిషనక్క.

"ఉండవే, నీ గది దాటనీ," అంది ముసలామె.