మైలవరం బస్సులో ప్రార్థన

మామిడికాయల లారీలు రోడ్డుకు అడ్డం పడడంతో మా మైలవరం బస్సు నూజివీడు దాటకముందే ఆగిపోయింది. పాపను ఇంట్లో అమ్మ దగ్గర వదిలి ఆరాధనకు వెళ్ళి, ఒళ్ళో బైబిలుతో తిరిగి వస్తున్నాను. పక్క సీట్లో ఒక పెద్దావిడ చేతుల్లో పసివాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"తల్లి ఆస్పత్రిలో ఉందండి. సీసాలో తెచ్చిన పాలేమో ఎండకి విరిగిపోయాయి," అందావిడ. నా బైబిలు చూసి, "వీడికోసం కాస్త ప్రార్థన చేయండమ్మా," అని బతిమాలింది.

ఆ ఏడుపుకి నాకు అప్పటికే పాలు చేపుకొచ్చి జాకెట్టు తడుస్తోంది. కానీ పాలిద్దామంటే, ఎవరి బిడ్డో, ఏ జబ్బుందో, అది నా పాపకు అంటుకుంటే ఏం చేయాలో అని భయం. కొంగు తలమీద కప్పుకుని, కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. ముగించడానికి ధైర్యం చాలక సాగదీస్తున్నాను.

"ఇటివ్వండి పిన్నిగారూ, వీడు ఆమెన్ దాకా ఆగేలా లేడు," అని ఎవరో నవ్వారు. ఏడుపు ఆగిపోయింది.

కళ్ళు తెరిచాను. వెనక సీటులోని ఒకామె వచ్చి వాడికి పాలిస్తోంది. నిద్రపోతున్న తన బిడ్డను నాకు అందిస్తూ, "కాస్త పట్టుకోండి," అంది. నేనెవరో, నాకేం జబ్బుందో ఆమె అడగలేదు.

పసివాడు నిద్రపోయాక పెద్దావిడ నాకు చేతులు జోడించింది.

"మీ ప్రార్థన దేవుడు విన్నాడమ్మా."

పాలిచ్చినామె అవునన్నట్టు తలూపింది. నేను కాదనలేదు.