మామయ్య నడుముకు కట్టుకున్న తాడు

మార్గశిరంలో మా మామయ్య పోయాడు. నేనప్పుడు ఎలమంచిలిలో కిరసనాయిలు కోసం వరసలో నిలబడి ఉన్నాను. ఆయన పంపితేనే వెళ్ళాను. మా ఊరి బండివాడు నన్ను వెతుక్కుంటూ వచ్చి, "మీ మావ పోయేడు బాబూ. గుండెల్లో నొప్పని అరుగు మీద కూకున్నాడు, మరి లెగనేదు" అన్నాడు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వాలు సగం కోసి వదిలేసి పోతారా ఎవరైనా?

ఆ వాలు సంగతి మీకు చెప్పాలి. కోటవురట్ల దగ్గర కొండ మొదట్లో మా చెరకు తోట. దానిపైన నిటారుగా మెట్ట వాలు, అందులో మనిషెత్తు గడ్డి, మధ్యమధ్య ముళ్ళకంప. ఎండలు ముదిరేలోగా అది కోయకపోతే కొండ మీద అంటుకున్న నిప్పు గడ్డి పట్టుకుని చెరకులోకి దిగుతుంది. ఒక ఏడు దిగింది కూడా. కాలిన తోట గట్టున మామయ్య రోజంతా కూర్చుని ఉండడం నేను చూశాను.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యం సామాన్లు వేలం వేస్తే, ఆయన విశాఖపట్నం వెళ్ళి కిరసనాయిలుతో నడిచే ఒక బుల్లి ట్రాక్టరు తెచ్చాడు. పక్కన గడ్డి కోసే పొడుగాటి పళ్ళకత్తి ఉండేది. తోలడం నా పని. రోజూ ఇంజను మీద చెయ్యి వేసి, ఆవును అడిగినట్టు "బాగున్నావేటే?" అని అడిగేవాడు. అది బాగుండేది కాదు. హ్యాండిలు తిప్పితిప్పి నా భుజాలు పడిపోయేవి. ఎక్కడం మొదలుపెట్టగానే పొగ, కత్తికి కంప, చక్రం కింద జారే రాళ్ళు.

వీటన్నిటికంటే నన్ను విసిగించింది ఆ తాడు. ట్రాక్టరుకు కొబ్బరితాడు కట్టి, రెండో కొస తన నడుముకు చుట్టుకుని, వాలు పై వైపున నాతోపాటు నడిచేవాడు. నోట్లో వెలిగించని చుట్ట. ఎండుగడ్డి మధ్య నిప్పు తియ్యననేవాడు.

"ఏటి మావా ఈ గోల? బండి దొల్లితే ఈ తాడు ఆపుతాదేటి?" అని అడిగాను.

"ఆపదు."

"మరెందుకు కట్టడం?"

"కట్టమన్నాను, కట్టు. తోలు, నిమ్మళంగా."

తాడు కంపకు చిక్కుకునేది. నేను ఆపేవాణ్ణి, ఆయన విడదీసేవాడు. నాలుగు గజాలు వెళ్ళగానే మళ్ళీ చిక్కు. పూటలో అయ్యే పని రోజంతా పట్టేది. కిరసనాయిలు దొరకని రోజుల్లో అలా దండగ చేయడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఎంత అరిచినా ఆయన ఒకటే మాట అనేవాడు: "గడ్డి ఎక్కడికీ పోదు అల్లుడా."

దినాలయ్యాక మిగిలిన సగం కోయడానికి బయల్దేరాను. ఇక తాడు గోల లేదు, మధ్యాహ్నానికి ముగించేయొచ్చు అనుకున్నాను. వాకిట్లో అత్త ఆ తాడు చుట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇదెందుకత్తా? బండిని ఇది ఆపదని మావే సెప్పేడు."

"బండినాపడానికి కాదురా నాయినా. ఆడికి దూకుడెక్కువ, నేను కొసకుంటే మెల్లగా తోల్తాడు అని మీ మావ అనీవోడు."

ఇన్నేళ్ళూ ఈ ముక్క నాకే చెప్పి ఉండొచ్చు కదా అని కోపం వచ్చింది. బండి దొల్లితే నాతోపాటు తానూ దొల్లడానికి సిద్ధపడి, నోట్లో చుట్ట నములుకుంటూ నడిచాడు ఆ మనిషి. అరవడానికైనా ఇప్పుడు ఎదురుగా లేడు.

ఆ రోజు సాయంత్రానికి మిగిలినదాంట్లో సగం కూడా కోయలేదు. చెరకు తోట పైన వాలులో ఇంకా గడ్డి నిలబడే ఉంది, రేపు మళ్ళీ వెళ్ళాలి. తాడు మాత్రం కట్టాను. రెండో కొసన ఆయన నడుమంత ఉచ్చు, ముడి విప్పకుండా అలాగే ఉంది. అది నా వెనక గడ్డిలో ఈడ్చుకుంటూ వచ్చింది. కంపకు చిక్కుకున్నప్పుడల్లా నేనే దిగి విడదీశాను.