అమ్మ గురువారాల మౌనం

మా గురుగ్రామ్ అపార్ట్‌మెంట్ లిఫ్టు ప్రతి అంతస్తులోనూ అడక్కుండానే ఉపన్యాసం ఇస్తుంది. నిన్న దాని గొంతు చెడిపోయింది. పక్కన నించున్నావిడ పూజ బుట్టలోంచి గంధపు అగరొత్తుల వాసన వచ్చింది. ఆ నిశ్శబ్దంలో అమ్మ గురువారాలు గుర్తొచ్చాయి.

అప్పుడు మేం ఢిల్లీ కంటోన్మెంటులో ఉండేవాళ్ళం. నాన్న హవల్దారు. వారానికో రోజు మాట మానేస్తే తనెవరో తనకే తెలుస్తుందని సత్సంగం గురూజీ అమ్మకు చెప్పారు. గురువారం రాగానే అమ్మ అగరొత్తి వెలిగించి, చెప్పాల్సిందంతా పలక మీద తెలుగులో రాసేది. నాకు చదవడం వచ్చింది హిందీ ఒక్కటే. "అచ్ఛా" అని తలూపేవాణ్ణి. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక నాన్న చదివేవాడు: "వానొచ్చేలా ఉంది, బట్టలు తియ్యి." అప్పటికి బట్టలు రెండోసారి ఉతికినట్టుండేవి.

అమ్మ గొంతు గురూజీ దగ్గరే ఉందని నా నమ్మకం. ఆయన మకాం రిషికేశ్‌కు మార్చారని తెలిసి, పోతూ పోతూ తిరిగిచ్చేసి ఉంటారని సంబరపడ్డాను. అమ్మకు తనెవరో తెలిసిందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఇంట్లో ఎవరమూ వాకబు చేయలేదు.

ఆయన వెళ్ళాక వచ్చిన గురువారం కూడా పలక బయటికొచ్చింది.

"గురూజీ తో చలే గయే, వెళ్ళిపోయారుగా అమ్మా. ఇంకా మాట్లాడవా?" ఏడుపు ఆపుకుంటూ అడిగాను.

అమ్మ పలక పక్కన పెట్టింది.

"మిగతా రోజులన్నీ మాట్లాడుతూనే ఉన్నాగా. ఎవరు విన్నారు?"