మల్లిగ పాలిచ్చిన పొద్దు

మొన్న ఆదివారం చారు పెడదామని ఉలవలు ఉడకేశాను. వగరూ తీపీ కలిసిన ఆ మట్టి వాసన ఆవిరితో ఇల్లంతా నిండేసరికి మా అమ్మాయి ముక్కు మూసుకొని బయటికి పోయింది. నేను మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయాను. అనంతపురంలో మూడో అంతస్తు ఇంట్లో ఉన్నానన్న సంగతే మరచిపోయాను. గుమ్మఘట్ట పక్కన ఒక బండల ఇల్లు, సాయంత్రం గుట్ట దిగివచ్చే గుర్రాలు, వాటి కోసం పొయ్యి మీద పెద్ద డేగిసాలో ఉలవలు ఉడికించే ఓబుళక్క, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి.

టీచరుగా నాకు మొదటి ఉద్యోగం ఆ ఊళ్ళోనే. అద్దెకు ఎక్కడా గది దొరక్క, ఊరి చివర ఓబుళక్క ఇంటిని ఆనుకొని ఉన్న చిన్న గదిలో చేరాను. ఆమె, భర్త తిప్పన్న, కూతురు శివమ్మ, రెండు గుర్రాలు, అదీ కుటుంబం. రాజా అనే ముసలి గుర్రాన్ని తిప్పన్న పెళ్ళి ఊరేగింపులకు తోలుకుపోయేవాడు. వయసులో ఉన్న ఆడగుర్రం పేరు మల్లిగ. ఇంట్లో టీవీ లేదు. మంచం ఒక్కటే, అదీ శెనక్కాయలు ఆరబోయడానికి. మనుషులు ఆరుబయట బండ మీదే పడుకునేవాళ్ళు. పొద్దున సంగటి, పచ్చడి తిని గుర్రాలతో గుట్టెక్కేవాళ్ళు. గుర్రం తుమ్మినా ఆ ఇంట్లో అందరూ నవ్వేవాళ్ళు.

నేనేమో ధర్మవరంలో మగ్గాల వీధిలో, మా నాయన పక్కన కండెలు చుడుతూ పెరిగినదాన్ని. కుక్క ఎదురొస్తే ఇంకో సందులో తిరిగి పోయే రకం. చేరిన మర్నాడు తల దువ్వుకుంటుంటే కిటికీలోంచి పొడుగాటి తలకాయ ఒకటి లోపలికొచ్చి నా భుజం మీద ఊపిరి వదిలింది. నా కేకకు ఓబుళక్క చేతిలో చేటతోనే పరిగెత్తుకొచ్చింది.

“ఏమమ్మా, ఏమైంది?”

“గుర్రమక్కా! లోపలికొచ్చింది!”

“నువ్వు రాకముందు ఆ రూము దాందే. ఎవరొచ్చినారో చూసుకోను వచ్చిండాది. పులిని చూసినట్ల అరిస్తే అదేమనుకుంటాది?”

ఆ తర్వాత కిటికీ మూసుకొనే తల దువ్వుకునేదాన్ని. ఓబుళక్క ఏనాడూ బలవంతపెట్టలేదు. సాయంత్రం గుర్రాలకు ఉలవలు పెట్టేటప్పుడు రమ్మని పిలిచేది. నేను గడపలోనే ఆగిపోతే, “సరే, ఆడనే ఉండు. ఆడినుంచి గూడా బాగానే కనపడతాది” అనేది.

రెండో ఏడు వాన మొహం చాటేసింది. గుట్ట మీది గడ్డి ఎర్రబడింది, తర్వాత అదీ లేకుండా పోయింది. ఊరివాళ్ళు ఎద్దులను సంతకు తోలుతున్నారు. అప్పటికి మల్లిగ చూలుతో ఉంది. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి, “మనుషులకే నీళ్ళు లేవు, గుర్రాలెందుకు ఓబుళమ్మా? ఎవరికన్నా ఇచ్చేయి” అన్నాడు.

“ఏమప్పా, కరువొచ్చిందని నీ మనమళ్ళను యాడికన్నా తోలేసినావా? ఇది గూడా నా ఇంట్లో పుట్టిందే.”

ఆయన వెళ్ళిపోయాడు. సాయంత్రానికి మాత్రం తన కల్లంలో మిగిలిన శెనక్కాయ కట్టె గుర్రాల మేతకని బండికెత్తి పంపించాడు. శివమ్మతో కలిసి నేనూ ఏట్లో చెలమ నుంచి నీళ్ళు మోశాను. కడవ గడప దగ్గర దించేసి వెనక్కి వచ్చేసేదాన్ని.

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతుండగా ఒక శనివారం తెల్లవారేసరికి మల్లిగ ఈనింది. ఎర్రటి ఆడపిల్ల, నుదుట తెల్ల చుక్క. వణికే కాళ్ళ మీద ఎలాగో నిలబడి పొదుగు దగ్గరికి పోయింది. మల్లిగ గిరుక్కున తిరిగి కాలెత్తింది. తొలిచూలు కావడంతో పొదుగు ముట్టుకుంటేనే దానికి బెదురు. పిల్ల ఎన్నిసార్లు పోయినా తన్నబోయింది. ఎండ ఎక్కేకొద్దీ పిల్ల లేవడం మానేసి గోడవార పడుకొని ఉండిపోయింది. తిప్పన్న రాజాతో పెళ్ళికి పోయి ఉన్నాడు. పశువుల డాక్టరుకు ఫోన్ చేస్తే, బయలుదేరుతున్నానని, ఈలోగా ఎట్లాగైనా ముర్రుపాలు పట్టించమని చెప్పాడు.

ఓబుళక్క నా గది ముందుకొచ్చింది. ఆ ముఖంలో నవ్వు లేకపోవడం నేను చూడటం అదే మొదటిసారి.

“అమ్మా, ముగ్గురం కావల్ల. నేను తల పట్టుకుంటా. శివమ్మ ముందరికాలు ఎత్తి పట్టుకుంటే అది తన్నలేదు. పిల్లను పొదుగు కాడ నిలబెట్టను నువ్వు రావల్ల.”

“అక్కా, నా చేతులు వణుకుతాండాయి.”

“పిల్ల గూడా వణుకుతాండాది. పోయి పట్టుకో. ఇద్దురూ కలిసి వణకండి.”

పోయాను. పిల్ల పొట్ట కింద చేతులేసి ఎత్తి నిలబెట్టాను. దాని గుండె నా అరచేతిలో కొట్టుకుంటోంది. మల్లిగ ఒళ్ళు జలదరించింది. ఓబుళక్క దాని చెవిలో సగం తెలుగు, సగం కన్నడం కలిపి మాట్లాడుతూనే ఉంది. పుట్టినప్పుడు నువ్వూ ఇట్లే ఉన్నావని, మీయమ్మ నిన్ను తన్నలేదని, వాన పడితే గుట్టంతా మీ ఇద్దరిదేనని. నేను పొదుగు మెల్లగా పిండి, వేలికంటిన పాలు పిల్ల నోటికి రాశాను. అది నా వేలు చప్పరించింది. ఆ వేలిని అట్లాగే పొదుగు వైపు జరిపాను. పిల్ల వేలు వదిలి చన్ను అందుకుంది. మల్లిగ ఒక్కసారి వణికింది, అంతే, కదలకుండా నిలబడింది. ఓబుళక్క పట్టు సడలించగానే తల వెనక్కి తిప్పి పిల్ల తోక వాసన చూసింది. శివమ్మ కాలు వదిలేసింది. అయినా మల్లిగ తన్నలేదు.

డాక్టరు వచ్చేసరికి మేం ముగ్గురం లద్దెలో, పాలలో తడిసి, నేల మీద కూర్చొని నవ్వుతున్నాం.

“పిల్ల యాడ?” అన్నాడాయన.

“తాగతాండాది సార్. పిలిచినా వచ్చేట్లు లేదు,” అంది శివమ్మ.

ఆ పిల్లకు నా పేరు పెడతామన్నారు. నేను వద్దంటే ‘టీచరు’ అని పెట్టారు. వానలు పడి బడి తెరిచాక పిల్లలు తరగతిలోకి పరిగెత్తుకొచ్చి, “టీచర్! టీచరు మన బడి చెట్లు తింటాండాది!” అని అరిచేవాళ్ళు. బదిలీ అయ్యేలోగా నేను మల్లిగ వీపెక్కి ఊరంతా తిరిగాను.

ఓబుళక్క ఇప్పటికీ ఆ గుట్ట కిందే ఉంది. ఆమె దగ్గర ఉన్నందుకు నాకేమీ గొప్ప ధైర్యం రాలేదు. పోయిన నెల, నలభై దాటాక, కారు నేర్చుకోవడానికి మొదటిసారి స్టీరింగు పట్టుకున్నాను. నేర్పే ఆయన నా చేతుల వంక చూసి, “వణుకుతాండాయి మేడమ్, కొంచెంసేపు ఆగుదామా?” అన్నాడు.

“వణకనీప్పా,” అని గేరు వేశాను.